కావేరి గట్టున తెలుగు పాట: మా వ్యాను యాత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం వారు రెండుసార్లు కబురు పెట్టారు. కరువుభత్యం వాయిదాల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను పాత డైరీ ఒకటి తీశాను. 1996 జనవరిలో మేము నలుగురం, ఒకే ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా కలిసి పనిచేసి ఒకరి వెనుక ఒకరు రిటైరైన వాళ్ళం, నెల్లూరులో ఒక వ్యాను మాట్లాడుకుని తొమ్మిది రోజులు దక్షిణాదిలో తిరిగి వచ్చాము. ముగ్గురం సతీసమేతంగా, నాలుగో ఆయన ఒక్కరే. డ్రైవరుతో కలిపి ఎనిమిది మందిమి. త్యాగరాజస్వామి ఆరాధనకు తిరువయ్యారు చేరాలన్నది ముఖ్యోద్దేశం. ఎలాగూ వెళుతున్నాం కదా, పాట పుట్టిన ఊళ్ళూ, పాటను దాచిన ఊళ్ళూ దారిలో తగిలినన్ని చూద్దామన్నారు మా ఎకౌంట్స్ మిత్రుడు. నలుగురిలో ఇద్దరు ఇప్పుడు లేరు. పేర్లు వ్రాయడం లేదు. చదివేవారికి ఎలాగూ తెలుస్తుంది.

మొదటి మజిలీ మద్రాసు. అప్పటికింకా ఆ ఊరి పేరు మార్చలేదు, ఆ సంవత్సరమే తరువాత చెన్నై అయింది. డిసెంబరు కచేరీల సందడి సద్దుమణిగింది. అయినా మ్యూజిక్ అకాడమీ భవనం ముందు వ్యాను ఆపించి చూశాము. 1927లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు సంగీత మహాసభ కూడా జరిగింది. దాని ఫలితంగా 1928లో అకాడమీ ఏర్పడింది. రాజులు, జమీందార్లు పోషించిన సంగీతం టిక్కెట్టు కొనుక్కున్న వకీళ్ళ, గుమాస్తాల చేతుల్లోకి వచ్చింది ఆ రోజుల్లోనే. అంటే మనలాంటి వాళ్ళ చేతుల్లోకి.

వ్యాను కదలగానే తగువు మొదలైంది. మా డ్రాఫ్ట్స్‌మన్ మిత్రునికి భాషాభిమానం ఎక్కువ. 1940లలో వచ్చిన తమిళ ఇసై ఉద్యమం మాట ఎత్తి, మన కీర్తనలను కచేరీల్లోంచి నెట్టేయాలని చూశారని ఆవేశపడ్డారు. ఎకౌంట్స్ మిత్రుడు నెమ్మదిగా అన్నారు: "అయ్యా, రెండు మూడు గంటల కచేరీలో ఒక్క ముక్కా అర్థంకాకుండా కూర్చోమంటే మీరైతే ఊరుకుంటారా?" నిజమే. 1941లో అన్నామలై విశ్వవిద్యాలయంలో తమిళ పాటకు పెద్దపీట వేయాలన్న తీర్మానాలు, 1943లో తమిళ ఇసై సంఘం, ఇవన్నీ తమ పాట తమకు కావాలని అడిగినవే. ఆనాటి వాదోపవాదాల్లో ఇరువైపులా పరుషమైన మాటలు పడ్డాయి గాని, త్యాగయ్యను పాడటం ఎవరూ మానలేదు. ఈ విషయంలో నా ఓటు ఎకౌంట్సుకే పడింది. డ్రాఫ్ట్స్‌మన్ గారు తిండివనం దాకా మాతో మాట్లాడలేదు. పన్రుట్టిలో జీడిపప్పు కొన్నాకనే మాట కలిసింది.

కుంభకోణం కాఫీ గురించి వేరే చెప్పక్కరలేదు. రాత్రికి తంజావూరు చేరాము.

ఆ ఊళ్ళో మూడు రాత్రులున్నాము. పెద్దగుడి సంగతి అందరికీ తెలిసినదే. రాజరాజచోళుడు 1010 నాటికి పూర్తి చేయించాడు. మేము వెళ్ళింది అంతకు అయిదు వందల ఏళ్ళ తరువాతి కథ కోసం. విజయనగర చక్రవర్తులు పదహారవ శతాబ్దంలో ఈ సీమను నాయకుల కిచ్చారు. వారి వెంట తెలుగు పండితులు, కవులు, నాట్యగత్తెలు కావేరి ఒడ్డుకు వచ్చి స్థిరపడ్డారు. రఘునాథ నాయకుడు స్వయంగా కవి, వైణికుడు. ఈనాడు మనం తంజావూరు వీణ అనేదానికి 24 మెట్లు స్థిరంగా కుదిరినది ఆయన కాలంలోనేనని చెబుతారు. ఆయన కుమారుడు విజయరాఘవుడు యక్షగానాలు వ్రాశాడు; ఆయన ఆస్థానంలో రంగాజమ్మ వంటి కవయిత్రి ఉండేది. మన క్షేత్రయ్య పదాలు విన్న కొలువు కూడా అదే. 72 మేళకర్తల లెక్క కట్టిన వేంకటమఖి ఆ రోజుల వాడే. డెబ్బై రెండు అనగానే మా ఎకౌంట్స్ మిత్రుడు కాగితం తీశారు. షడ్జ పంచమాలు కదలవు, పూర్వాంగంలో ఆరు విధాలు, ఉత్తరాంగంలో ఆరు, ఆరార్లు ముప్పై ఆరు; శుద్ధ మధ్యమంతో ఒకసారి, ప్రతి మధ్యమంతో ఒకసారి, మొత్తం డెబ్బై రెండు. "ట్రయల్ బ్యాలెన్సు సరిపోయింది" అన్నారు. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న రాగాలు అందులో కొన్ని మాత్రమే. తక్కినవాటికి ముందే ఖాతాలు తెరిచి ఉంచాడు వేంకటమఖి. తరువాతి తరాల్లో త్యాగయ్య, దీక్షితులు వచ్చి ఆ ఖాతాలు నింపారు.

1673లో మధుర నాయకులతో యుద్ధంలో విజయరాఘవుడు మరణించాడు. కొద్ది ఏళ్ళలోనే శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ వచ్చి తంజావూరు ఆక్రమించుకున్నాడు. మాకు ఆశ్చర్యం వేసింది ఇక్కడే. రాజులు మరాఠీ వారు, ప్రజలు తమిళులు, అయినా కొలువులో పాట తెలుగుదే. ఏకోజీ కొడుకు షాహాజీ తెలుగులో నాటకాలు వ్రాశాడు. రాజ్యం మారితే భాష మారుతుందని మనం అనుకుంటాం, అక్కడ మారలేదు. పాట కోసం, ఆట కోసం ఆ రోజులకు తెలుగే అలవాటై పోయి ఉండాలి. రెండవ శరభోజి పెంచి పోషించిన సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలూ ఉన్నాయి. అద్దాల పెట్టెలో కొన్ని చూశాము. మా డ్రాఫ్ట్స్‌మన్ గారు కళ్ళజోడు మార్చుకుని ఆ గుండ్రటి అక్షరాల ముందు చాలాసేపు నిలబడ్డారు. గీత గీసి బ్రతికిన మనిషి కదా.

మెరటూరు, అంటే ఇప్పటి మేలట్టూరు, తంజావూరుకు దగ్గరలోనే ఉంది. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్ళూ పొలాలూ ఇచ్చి నిలిపిన అగ్రహారం. పద్ధెనిమిదో శతాబ్దంలో మేలట్టూరు వేంకటరామశాస్త్రి ఇక్కడ ప్రహ్లాద చరిత్ర వంటి తెలుగు నాటకాలు వ్రాశారు. నరసింహ జయంతికి ఆ ఊరి మగవారే స్త్రీ వేషాలు కట్టి, గుడి ముందు వీధిలో తెల్లవార్లూ ఆడతారు. ఇంట్లో మాట్లాడేది తమిళం, ఆట తెలుగులో. మేము వెళ్ళింది జనవరి కాబట్టి ఆట లేదు. ఖాళీ వీధి, వరదరాజస్వామి గుడి చూసి వచ్చాము. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన మాకోసం సంభాషణ ఒకటి గడగడా ఒప్పగించారు. అర్థం అడిగితే నవ్వి, అది మీరే చెప్పాలన్నారు. డ్రాఫ్ట్స్‌మన్ గారు ఈసారి ఏమీ అనలేదు. ఆయన మనవలు హైదరాబాదులో ఇంగ్లీషు బడికి వెళుతున్నారు.

ఇక తిరువయ్యారు. తంజావూరుకు పదమూడు కిలోమీటర్లు. కావేరి, కుడమురుట్టి, వెణ్ణారు, వెట్టారు, వడవారు, ఈ అయిదు నదుల ఊరు. త్యాగరాజస్వామి 1767లో తిరువారూరులో పుట్టి, ఇక్కడ పెరిగి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఆ తరువాత యాభై ఏళ్ళకు సమాధి చుట్టూ తుప్పలు మొలిచాయి. 1900 దాటాక శిష్య పరంపరలోని వారు దానిని వెతికి బాగుచేశారు. ఆరాధన మొదలైందో లేదో, విద్వాంసులు రెండు వర్గాలై వేర్వేరుగా జరుపుకోసాగారు. సంఘం అన్నాక చీలిక తప్పదేమో, మనకు తెలియనిదా!

సమాధికి గుడి కట్టించినది మాత్రం ఆ రెండు వర్గాలూ కాదు. బెంగుళూరు నాగరత్నమ్మ. 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో పుట్టి, మద్రాసులో గొప్ప గాయనిగా పేరూ ధనమూ సంపాదించిన మనిషి. సమాధి దుస్థితి గురించి గురువుగారు వ్రాసిన ఉత్తరం చూసి, 1921లో పని మొదలుపెట్టింది. నగలు అమ్మింది. 1925లో గుడి పూర్తయింది. తీరా ఆరాధన రోజున ఆ గుడి ముందు పాడటానికి ఆమెకే వీల్లేదన్నారు, ఆడవాళ్ళు పాడకూడదట. ఆమె గొడవపడి ఊరుకోలేదు. ఆడవాళ్ళందరినీ చేర్చుకుని మూడో వర్గంగా తానే ఆరాధన జరిపింది. 1940 తరువాత వర్గాలు కలిశాయి, ఆడవాళ్ళూ పాడారు. అందరూ కలిసి పంచరత్న కీర్తనలు పాడే గోష్ఠి ఆ తరువాతే స్థిరపడింది. తన ఆస్తి సమాధికి వ్రాసిస్తూ, ఆడవారికి అక్కడ పాడే హక్కు ఉండాలని షరతు పెట్టింది. 1952లో పోయింది. స్వామి సమాధికి ఎదురుగా చేతులు జోడించుకు కూర్చున్న ఆమె విగ్రహం ఉంది.

ఈమే 1910లో వావిళ్ళ వారి చేత ముద్దుపళని రాధికా సాంత్వనం అచ్చువేయించింది. ముద్దుపళని కూడా తంజావూరు కొలువు మనిషే, ప్రతాపసింహుని కాలం నాటి కవయిత్రి. వీరేశలింగం పంతులు గారంతటివారు ఆ పుస్తకం బూతన్నారు. మగవాళ్ళు వ్రాస్తే లేని తప్పు ఆడది వ్రాస్తే వచ్చిందా అని నాగరత్నమ్మ పీఠికలోనే ఎదురు ప్రశ్న వేసింది. ప్రభుత్వం నిషేధించింది. ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం కాలంలో గాని నిషేధం పోలేదు. పంతులు గారి మీద నాకున్న గౌరవం తగ్గలేదు గాని, ఈ వాదంలో ఆమె గెలిచిందనే అనుకుంటాను.

ఈ కథంతా సమాధి దగ్గర పందిట్లో చాప మీద కూర్చుని ఒక స్థానిక ఉపాధ్యాయుని నోట విన్నాము. తరువాత గోష్ఠి మొదలైంది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు. నేను పుస్తకం తెరిచి అక్షరాల వెంట వేలు పెట్టుకుని పోతున్నాను. పక్క వరుసలో మా ఆవిడ పుస్తకం లేకుండా పాడుతోంది. స్వరం, సాహిత్యం, ఏ చరణం తరువాత ఏది, ఒక్కటీ తప్పకుండా అయిదూ పాడింది. పెళ్ళై ముప్పై నాలుగేళ్ళు. ఆమెది విజయనగరం. నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులుగా 1919లో మొదలైన సంగీత కళాశాలలో చదువుకున్న ఒకాయన దగ్గర చిన్నప్పుడు నేర్చుకుంది. కాపురానికి వస్తూ బొబ్బిలి వీణ తెచ్చుకుంది. 1968లో నాకు బదిలీ అయినప్పుడు సామాను ఎక్కువైందని, లారీ కిరాయి దండగని ఆ వీణ నేనే అమ్మించాను. ఎంతకో కూడా నాకిప్పుడు గుర్తులేదు. ఆమెను ఆనాడు అడిగానో లేదో, అదీ గుర్తులేదు.

మర్నాడు తంజావూరులో వీణలు చేసే వీధికి వెళ్ళాము. పనస మాను తొలిచి కుండ, దండి ఒకే దుంగలో తీసేదాన్ని ఏకాండ వీణ అంటారు. మైనంలో మెట్లు కూర్చోబెడుతున్నారు. కమ్యుటేషన్ డబ్బు ఇంకా కొంత మిగిలే ఉంది. "ఒకటి చెప్పమంటావా?" అన్నాను. "ఇప్పుడెందుకండీ, వేళ్ళు వంగవు" అంది. కొంచెం ఆగి, "అప్పుడడగాల్సింది" అంది. మా వదినగార్లు ఇద్దరూ అటు తిరిగి మెట్లు లెక్కపెట్టసాగారు.

తిరువారూరు ఒక్క పూటలో చూశాము. శ్యామశాస్త్రి 1762, త్యాగయ్య 1767, ముత్తుస్వామి దీక్షితులు 1775. పదమూడేళ్ళ వ్యవధిలో ముగ్గురూ ఆ ఒక్క ఊళ్ళోనే పుట్టారు. కమలాలయం కోనేరు గట్టున పులిహోర తిని బయలుదేరాము.

చివరి మజిలీ ఎట్టయాపురం. మధురకు దక్షిణంగా తూత్తుకుడి దారిలో చిన్న ఊరు. తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. 1835లో దీక్షితుల వారు కాలం చేసినది అక్కడే, సమాధి ఉంది. నేను అక్కడికి వెళ్ళాలని పట్టుబట్టింది మరొకందుకు. దీక్షితుల తమ్ముని మనుమడు, దత్తపుత్రుడుగా పెరిగిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఆ ఊరి అచ్చుకూటంలోనే సంగీత సంప్రదాయ ప్రదర్శిని ముద్రింపించారు. రెండు సంపుటాలు, పదిహేడు వందల పుటల పైమాట, కృతులకు గమకాల గుర్తులతో సహా స్వరం. అంతటి గ్రంథం తమిళదేశపు కొసన అచ్చయింది తెలుగు లిపిలో. కుటుంబ విద్య బయటపెట్టనన్న ఆ పండితుణ్ణి ఒప్పించినవారిలో ముఖ్యుడు చిన్నస్వామి ముదలియార్, తమిళుడు, క్రైస్తవుడు, మద్రాసు సెక్రటేరియట్‌లో సూపరింటెండెంటు! ఈ మాట చెప్పగానే మా ఎస్టాబ్లిష్‌మెంట్ మిత్రుడు సమాధి దగ్గర కూడా చప్పట్లు కొట్టారు. ఫైళ్ళ మధ్య కూర్చున్నవాడు ఇంతపని చేశాడన్నమాట.

మధురలో ఆగుదామనుకున్నాము. త్యాగయ్య ముఖ్య శిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతార్, సౌరాష్ట్రుడు. ఆయనా ఆయన వంశం వారూ వ్రాసి దాచిన కీర్తనల ప్రతులు మధుర సౌరాష్ట్ర సభ వారి దగ్గర ఉన్నాయి. స్వామి పాడుతుంటే పక్కన కూర్చుని వ్రాసుకున్న శిష్యులు లేకపోతే మనకు దక్కినవి ఎన్నో దక్కేవి కావు. కాని మధుర చేరేసరికి రాత్రి అయింది, డ్రైవరుకు జ్వరం తగిలింది, సభ తలుపులు మూసి ఉన్నాయి.

ఖర్చంతా ఎకౌంట్స్ మిత్రుడు నోటుబుక్కులో పైసలతో సహా వ్రాశారు. ఆ పుస్తకం ఇప్పుడు వారి అబ్బాయి దగ్గర ఉంది, ఈ వ్యాసం కోసం అడిగి తెప్పించుకున్నాను. వాటాల లెక్క కింద చివరి పేజీలో ఆయన చేతివ్రాతతో "వచ్చే ఏడు" అని ఉంది. దాని కింద రెండు ఊళ్ళు: వాలాజాపేట, మధుర.