ఇంటికి తగిన పరిమళము

1078లో అనంతవర్మ చోడగంగదేవుడు సింహాసనమెక్కిన కళింగనగరము, వంశధార యొడ్డునగల నేటి శ్రీముఖలింగమేనని పలువురు చరిత్రకారుల నిర్ణయము. ఇచ్చటి స్వామి మధుకేశ్వరుడు. మధుకమనగా ఇప్పచెట్టు, ఆ మానియందే స్వామి వెలసెనని స్థలపురాణము.

దేవునికి చెట్టు పేరు పెట్టుకొన్న ఈ సీమలో ఇంటి పరిమళమునకును చెట్టుచేమలే ఆధారము. ధూపమునకు గుగ్గిలము, వేసవి తడికలకు వట్టివేరు, బట్టల పెట్టెకు మొగలిరేకు మన పెద్దలెరిగినవే.

అయితే వీనిలో ఎవరికేది తగును? 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయమునే కేటాయించెను. వట్టివేరు, దవనము, అగరు, చందనము మొదలగు 16 ద్రవ్యములను నాలుగేసి చొప్పున, పాళ్లు మార్చి కలిపినచో 1,74,720 పరిమళములు సిద్ధించునని అందు లెక్కగట్టెను. ఇన్ని భేదములుండగా ఇంటింటికిని ఒకే వాసన యేల?

అంగడి అగరువత్తిలోని పాళ్లు ఇతరులు కుదిర్చినవి. మన పాళ్లు మనమే కుదుర్చుకొనవచ్చును. ఘాటు గిట్టనివారు గుగ్గిలము తగ్గించి చందనము పెంచుకొందురు గాక. ఒక్కొక్క ద్రవ్యమును చిటికెడు చొప్పున, తలుపులు తెరచి, వేర్వేరు దినములందు పరీక్షింపుడు. ఇంటివారందరికిని హాయి గూర్చినదే ఆ యింటికి తగిన పరిమళమని మేము తలంతుము.