జీపు ముందు ఒక చరిత్ర, వెనక ఒక చరిత్ర



నేను డిగ్రీ సెకండియర్. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. చరిత్ర అంటే రాజులే కాదు, మన కొండలెక్కే జీపుకీ చరిత్ర ఉంది. అది తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో ముందు చెప్తాను.

నేను ఇంటర్లో ఉన్నప్పుడు నానమ్మకి జ్వరం ముదిరింది. చిన్నాన్న పాత జీపులో ఆసుపత్రికి బయల్దేరాం. బురదలో ఫోర్ వీల్ బాగానే లాగింది. గట్టి రాతి ఎక్కుడు వచ్చేసరికి స్టీరింగ్ బిగుసుకుంది, ఫోర్ వీల్ లివర్ వెనక్కి రాలేదు, టప్‌మని ముందు షాఫ్ట్ జాయింట్ విరిగింది. నానమ్మని డోలీలో మోసుకెళ్ళాం. దేవుడి దయ, బతికింది.

అంతకు నెల ముందే చిన్నాన్న ముందు యాక్సిల్ పాత సామాన్ల కొట్టులో కొని వేయించాడు. నంబర్ అదే కదా అనుకున్నాడు. మేస్త్రి విప్పి పళ్ళు లెక్కపెట్టాడు. ముందు క్రౌన్‌కి 39, వెనక దానికి 43. రెండు పినియన్లకీ ఎనిమిదే.

ఈ తేడా ఎక్కడిది? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. విల్లీస్ ఎంబీ జీపుకి ముందు డానా 25, వెనక డానా 23 యాక్సిల్. రేషియో 39 బై 8, అంటే 4.88. 1945లో రైతుల కోసం సీజే జీపు వచ్చింది. నాగలి లాగాలి కాబట్టి 43 బై 8, అంటే 5.38 పెట్టారు. ముందు మాత్రం అదే డానా 25! మన దేశంలో మహీంద్రా విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. అంటే చిన్నాన్న జీపు ముందు భాగం యుద్ధానిది, వెనక భాగం పొలానిది.

ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరుగుతాయి. వెనక చక్రాలు 100 అడుగులు పోతే ముందువి 110 పోవాలని చూస్తాయి. బురదలో చక్రం జారి సర్దుకుంటుంది. రాతి మీద జారదు, ఇనుము మెలితిరిగి విరుగుతుంది.

ఇప్పుడు మన కుర్రాళ్ళు కమాన్ పట్టీలు పెంచి, జీపు ఎత్తు లేపి, పెద్ద టైర్లు వేస్తున్నారు. 28 అంగుళాల టైరు తీసి 31 వేస్తే 4.88 జీపు ఎక్కుడులో నీరసపడుతుంది. పాత బలం రావాలంటే 5.38 కావాలి. కానీ మారిస్తే ముందూ వెనకా రెండూ మార్చాలి, ఒక్కటే మార్చొద్దు.

విప్పకుండానే చూసుకోవచ్చు. సమానమైన నేల మీద జీపు ఆపి, గేరు న్యూట్రల్లో, ఫోర్ వీల్ తీసేసి ఉంచండి. మిగతా చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి ఒక్క చక్రం జాకీతో లేపండి. షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ ఐదుకి కాస్త తక్కువ తిరిగితే 4.88, ఐదున్నరకి కాస్త తక్కువైతే 5.38. ముందూ వెనకా రెండూ చూడండి.

మా మేస్త్రి బడికి పోలేదు. కానీ ఆయన లెక్క తప్పలేదు. పైన ఉన్న నంబర్ని నమ్మకండి, లోపలి పళ్ళు లెక్కపెట్టండి. మన ఊళ్ళో జీపే అంబులెన్సు.

జై ఆదివాసీ.