నాణెం కాకముందు మార్కు

1350 ప్రాంతంలో ఉత్తర జర్మనీ రేవు నగరం ల్యూబెక్‌లో ఒక వర్తకుడు పది మార్కులని ఖాతా రాసుకున్నాడంటే, ఆయన పెట్టెలో మార్కు నాణెం ఒక్కటీ ఉండేది కాదు. మార్కు మొదట తూకం. కొలోన్ మార్కు అంటే సుమారు 234 గ్రాములు. తర్వాత అది లెక్క అయింది: మార్కుకు 16 షిల్లింగులు, షిల్లింగుకు 12 ఫెనిగ్‌లు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు అని చదువుకున్న మన పెద్దవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. రెండింటా మొత్తం 192.

చాలాకాలం చేతికొచ్చింది ఫెనిగ్ ఒక్కటే. ఒకవైపే ముద్ర, వెనక బోలు, వంచితే వంగిపోయే రేకు. దానితో అసలు చిక్కు వేరే ఉంది. పాతవాటిని వెనక్కి రప్పించి, తక్కువ సంఖ్యలో కొత్తవి ఇవ్వడం ప్రభువుల అలవాటు. 12వ శతాబ్దంలో మాగ్డెబర్గ్ ఆర్చిబిషప్ విచ్‌మన్ ఏటా రెండుసార్లు, 12 పాతవాటికి 9 కొత్తవి ఇచ్చేవాడు. తేడా అంతా పన్నే. సొమ్ము నెలల తరబడి హెరింగ్ చేపల పీపాల్లో ఇరుక్కుపోయే వర్తకుడికి ఇది నిలువు దోపిడీ.

అందుకే నగరాలు టంకశాల కోసం పట్టుబట్టాయి. ల్యూబెక్‌కు 1226లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి స్వతంత్ర నగర హోదాతో పాటు ఆ హక్కూ ఇచ్చాడు. అక్కడ నగర సభలో కూర్చునేది వర్తకులే. వెండి నాణ్యత కాపాడటం వాళ్ల నీతి అనుకోనక్కర్లేదు, స్వలాభమే. 1255కల్లా ల్యూబెక్, హాంబర్గ్ ఒకే ప్రమాణానికి ఒప్పుకున్నాయి.

ఉప్పు, మైనం, ఉన్నిబట్టల బేరాలు పెరిగేకొద్దీ ఫెనిగ్‌లు లెక్కపెట్టడమే పెద్ద పని. దాంతో 14వ శతాబ్దం మధ్యలో నాలుగు ఫెనిగ్‌ల విట్టెన్ వచ్చింది. 1379లో ల్యూబెక్, హాంబర్గ్, విస్మార్ దాన్ని ఒకే తూకంతో, ఒకే నాణ్యతతో కొట్టాలని ఒడంబడిక రాసుకున్నాయి, తర్వాత లూనెబర్గ్ చేరింది. ల్యూబెక్‌కు రెండు తలల గద్ద, హాంబర్గ్‌కు కోట ద్వారం, విస్మార్‌కు ఎద్దు తల. ముద్ర ఎవరిదైనా చెల్లుబాటు అన్నిచోట్లా.

వెండి కొరతను మాత్రం ఏ ఒడంబడికా ఆపలేకపోయింది. 15వ శతాబ్దంలో గనులు తగ్గి, నాణేల్లో వెండి పలచబడుతూ పోయింది. టిరోల్, సాక్సనీ గనుల నుంచి మళ్లీ వెండి వచ్చాక, 1500 దాటిన తొలి దశాబ్దంలో ల్యూబెక్ తొలిసారి మార్కును నాణెంగా కొట్టింది. బరువు 20 గ్రాములకు అటూఇటూ, అంటే పాత తూకంలో పన్నెండో వంతు మాత్రమే. 16 షిల్లింగుల ఆ లెక్కను హాంబర్గ్ 1870ల దాకా వదల్లేదు.