దమ్మిడీ మొదలు సతోషీ దాకా

మేము ఈ మలేషియా గడ్డమీద మూడవ తరం వాళ్లం. సాయంకాలపు తరగతిలో తెలుగు అక్షరాలు దిద్దుకుని, ఇప్పుడు అదే తరగతిలో పిల్లలకు పాఠం చెబుతున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఒకనాడు పాఠంలో "పదహారణాల తెలుగు" అనే మాట వచ్చింది. "అణా అంటే ఏమిటి మాస్టారూ?" అని ఒక పిల్లవాడు అడిగాడు. అది రూపాయిలో పదహారవ వంతు అనీ, పదహారు అణాలూ కలిస్తే నిండు రూపాయి అనీ చెప్పాము. వెంటనే వాడు, "బిట్‌కాయిన్‌కు కూడా చిల్లర ఉంది, దాని పేరు సతోషీ" అన్నాడు. ఆ రాత్రి ఆలోచిస్తే ఈ రెండు కథలూ చుట్టాలే అనిపించింది.

మన పూర్వీకులు దేనినైనా నాలుగేసి భాగాలుగా పంచేవారు. నాలుగవ వంతు కాలు, పదహారవ వంతు వీసం, అరవై నాలుగవ వంతు కాని. రూపాయిలో పావు గనుక పావలా. అణాలో నాలుగవ వంతు కానీ. అణాను పన్నెండు చేస్తే దమ్మిడీ, అంటే రూపాయికి 192 దమ్మిడీలు. 1957 ఏప్రిల్ 1న భారతదేశంలో రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. అయినా జనం ఇరవై అయిదు పైసలను పావలా అనే పిలిచారు. ఆ పావలా బిళ్ల కూడా 2011లో చెల్లకుండా పోయింది. మాట మాత్రం చెల్లుతూనే ఉంది.

ఇక్కడి సంగతీ అంతే. మలయ్ భాషలో డబ్బును "డుయిట్" అంటారు. అది ఒకప్పటి డచ్చివారి చిన్న రాగి నాణెం పేరు. 2008 ఏప్రిల్ నుండి దుకాణాలలో మొత్తాన్ని అయిదు సెన్లకు సరిచేస్తున్నారు గనుక ఒక సెన్ బిళ్ల కంటికి కనబడదు. ధర చీటీమీద దాని లెక్క మాత్రం మిగిలింది.

బిట్‌కాయిన్ 2009లో మొదలయింది. చేతితో పట్టుకునే బిళ్ల కాదు, కంప్యూటర్లలోని లెక్క. ఒక్కొక్కటి పది కోట్ల భాగాలు అవుతుంది. సతోషీ నకమోతో అనే పేరుతో దానిని తయారు చేసినవారు ఎవరో నేటికీ తెలియదు. ఆ అతి చిన్న భాగానికి పేరు పెట్టింది ఆయన కాదు, వాడుకరులు. 2010లో ఒకరు నూరవ వంతుకు "సతోషీ" అని సూచించారు. తరువాత ఆ పేరు అన్నిటికంటె చిన్న భాగానికి స్థిరపడింది. 2015లో వచ్చిన ఈథర్‌లో అతి చిన్న భాగం "వెయ్". అలాంటి డబ్బు గురించి 1998లోనే ఆలోచన చెప్పిన వెయ్ డాయ్ పేరు అది. మనవారు వంతును బట్టి పేరు పెట్టారు, వీరు మనిషిని బట్టి పెట్టారు. ఎటు చూసినా పేరును నిలబెట్టింది వాడినవారే.

"సతోషీని మనం కానీ అందామా?" అన్నాడు ఆ పిల్లవాడు. నవ్వాము. కానీకి దాని వంతు దానికి ఉంది నాయనా, అన్నాము. కాని ఆ మాట వాడి నోట వచ్చినందుకు సంతోషించాము.

బాగన్ డాతో కొబ్బరి తోటలో మా నాయనమ్మ కూలి తీసుకున్నది సెంట్లలో. కోపం వస్తే మాత్రం "దమ్మిడీకి కొరగావు" అనేది. దమ్మిడీ అంటే ఏమిటో మేము ఆమెను అడగలేదు. అడగాలని తోచేసరికి ఆమె లేదు. పుస్తకం చూసి నేర్చుకున్నాము.

కనుక ఈ పండుగనాడు మా మనవి ఒక్కటే. ఇంట్లో పెద్దలుంటే, వారు ఎరిగిన చిల్లర పేర్లు అడిగి రాసి పెట్టుకోండి. పిల్లలకు చెప్పండి. అణా ఏమిటో తెలియని ఇంట్లో పదహారణాల తెలుగు ఎలా నిలుస్తుంది?