గొంతులు ఆగకున్నా బతుకు ఆగనక్కరలేదు

జిన్నారం, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాలలో ‘ఎర్రగడ్డ’ అన్న మాట ఊరి పేరుగా కంటే ఎగతాళిగానే ఎక్కువ వినిపిస్తుంది. అక్కడి మానసిక వైద్యశాల 1953లో జాల్నా నుంచి తరలివచ్చింది. అంతకు ముందటి ఏడాదే పారిస్‌లో జాన్ డిలే, పియర్ డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ ప్రభావాన్ని లోకానికి తెలియజేశారు. అటువంటి మందుల వల్ల ఎందరో కోలుకొని ఇళ్లకు చేరారు. అయితే మందులు వాడుతున్నా కొందరికి ఎవరూ లేనిచోట గొంతులు వినిపించటం పూర్తిగా ఆగదు. వారి సంగతేమిటి?

1987లో నెదర్లాండ్స్ వైద్యుడు మారియస్ రోమ్ తన రోగితో కలిసి టెలివిజన్‌లో మాట్లాడగా, తమకూ గొంతులు వినిపిస్తాయని సుమారు 450 మంది తెలియజేశారు. వారిలో కొందరు ఆ గొంతులతోనే సర్దుకొని జీవిస్తున్నారు. గొంతులు ఆగితేనే జీవితమన్న భావన అక్కడ సడలింది.

అమెరికాలో స్టీవెన్ హేస్, ఆయన సహచరులు రూపొందించిన అంగీకార, నిబద్ధతా చికిత్స ఇదే దారిలో నడిచింది. 2002లో ప్యాట్రీషియా బాక్, హేస్ ఆసుపత్రిలో ఉన్న 80 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. మామూలు వైద్యంతోపాటు ఈ చికిత్సను నాలుగు విడతలు మాత్రమే పొందినవారిలో, తరువాతి నాలుగు నెలలలో తిరిగి ఆసుపత్రిలో చేరినవారు రెండో వర్గంతో పోలిస్తే సగమే. విచిత్రమేమంటే, తమకు లక్షణాలున్నాయని వీరే ఎక్కువగా చెప్పారు. కాని వాటిని నమ్మటం తగ్గింది. తరువాతి అధ్యయనాలన్నీ ఇంత స్పష్టమైన ఫలితం చూపలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అంగీకారమంటే గొంతు చెప్పినదానికి తలవంచటం కాదు. పరిశ్రమలో కార్మికుడు యంత్రాల హోరు ఆగాకే పని మొదలుపెడతానని కూర్చోడు. అలాగే ‘నీవు పనికిరావు’ అన్న గొంతుతో వాదించక, ‘అది మళ్లీ వచ్చింది’ అని గుర్తించి, తన బిడ్డను బడికి పంపే పనిలోనో, పొలం పనిలోనో కొనసాగటమే ఇందులోని సాధన.

ఇది మందులకు బదులు కాదు. వైద్యుని సలహా లేకుండా వాటిని ఆపరాదు. తనకుగాని ఇతరులకుగాని హాని చేయమని గొంతు ఆజ్ఞాపిస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రోగిని గొలుసులతో కట్టివేయటాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. సలహాకు టెలి మానస్ నంబరు 14416.

ఇంట్లో అటువంటివారుంటే ‘గొంతులు ఆగాయా?’ అని మాత్రమే అడగకండి. ‘ఈ రోజు ఏం చేయగలిగావు?’ అని కూడా అడగండి.