విష్ణుధ్వజము: తుప్పే కవచమైన లోహము

ఢిల్లీ మెహ్రౌలీయందలి లోహస్తంభమునకు తుప్పే పట్టదని లోకప్రసిద్ధి. సత్యము అంతకంటె రమణీయము.

చంద్రుడను రాజు విష్ణుపదగిరిపై దీనిని విష్ణుధ్వజముగా ప్రతిష్ఠించెనని స్తంభముపైనున్న సంస్కృత శాసనము తెలుపుచున్నది. ఆ రాజు గుప్తవంశీయుడైన రెండవ చంద్రగుప్తుడని పెక్కుమంది చరిత్రకారుల మతము. సుమారు 7 మీటర్ల ఎత్తు, 6 టన్నులకు మించిన బరువు గల ఈ స్తంభమును నాటి కర్మారులు ఇనుపముద్దలను కాచి, సమ్మెటలతో మోది, ఒకదానితో నొకటి అతికి నిర్మించిరి. సున్నపురాయి చేర్చక, బొగ్గుల కొలిమిలో తీసిన ఆ ఇనుమునందు భాస్వరము అధికముగా నిలిచినది.

తుప్పు పట్టకపోలేదు. తొలుత పట్టిన తుప్పే భాస్వరముతో కూడి, తడిసి ఆరుచు, పలుచని గట్టి పొరయై లోని లోహమును రక్షించుచున్నది. నిరంతరము తేమ తగులు భూగర్భభాగము మాత్రము తుప్పుతో గుంటలు పడినది.

కాలము హరింపలేని ఆ పొరను, అదృష్టము కోరి స్తంభమును కౌగిలించుకొన్న జనుల స్పర్శయే అరగదీసినది. అందుచే 1997లో చుట్టును కంచె వేయవలసివచ్చెను.

సాధకులారా! అద్భుతమని చేతులు చాచుటకంటె, ఆ కర్మారుల కౌశలమును ఎఱిగి దూరమునుండి నమస్కరించుటయే నిజమైన శ్రద్ధ.