గ్రంథమాలే ప్రచారం: విజ్ఞాన చంద్రికా మండలి ప్రచురణ పద్ధతి

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. తెలుగులో శాస్త్రగ్రంథ ప్రచురణ అంతకు ఇరవై ఏళ్ల ముందే ఒక వ్యవస్థగా రూపొందింది. మునగాల సంస్థానంలో దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. మండలి కృషిని భాషాభిమానంతో, దేశాభిమానంతో వివరించడం పరిపాటి. అది అసత్యం కాదు గాని, దానివల్ల ప్రచురణ పద్ధతి మరుగున పడుతుంది.

మండలి తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్ర (1907). శాస్త్రగ్రంథంతో కాక జీవితచరిత్రతో ఆరంభించడం గమనార్హం. తరువాత చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం (1910), ప్రకృతిశాస్త్ర గ్రంథాలు, పోటీలకు వచ్చిన నవలలు ఒకే గ్రంథమాలగా వెలువడ్డాయి. చరిత్ర, నవల సంపాదించిన పాఠకుణ్ణి అపరిచితమైన శాస్త్రం దగ్గరికి చేర్చే ఏర్పాటుగా దీన్ని భావించవచ్చు. విడిగా అచ్చయితే రసాయనశాస్త్రాన్ని కొనేవారెందరు? నేడు స్వంత ఖర్చుతో అచ్చయి, ఆవిష్కరణ సభలో పంచిపెట్టబడే సిద్ధాంతగ్రంథానికి లేనిది ఈ అండే.

అయితే, లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పాఠకుల అండ మాత్రమే చాలలేదు. దాని భారం చాలామేరకు ఒక్క సంపాదకుని మీదే నిలిచింది. 1923లో ఆయన మరణించేనాటికి అది అకారాన్ని దాటలేదు. ఆ పనిని అనంతరం చేపట్టినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. ఆంధ్రపత్రిక ద్వారా ఆయనకు అప్పటికే విస్తారమైన పాఠకవర్గం ఉంది.